కరెంటు పోయిన ఆట

న్యూజిలాండ్‌లోని పామర్‌స్టన్ నార్త్‌లో మా ఇంటి ముందు గదిలో ఒక అద్దాల బీరువా ఉండేది. ఎవరైనా భోజనానికి వస్తే చెప్పులు విప్పి లోపలికి రాగానే దాని ముందు ఆగేవారు. మా అమ్మాయి గెలుచుకున్న కప్పులో, ఇండియా నుంచి తెచ్చుకున్న బొమ్మలో ఉంటాయనుకుని వంగి చూసేవారు. లోపల ఉన్నవన్నీ ఒకే మనిషికి, ఒక రేడియో కామెంటేటర్‌కి, సంబంధించినవి. కెనడాలోని మాంట్రియల్‌లో ఐస్ హాకీ ఆటల దగ్గర అమ్మిన పాత పుస్తకాలు, ఆయన ఫొటో ఉన్న పేజీలతో సహా. ఆయన గొంతుతో వచ్చిన ఒక గ్రామఫోన్ రికార్డు. ఎవరో అభిమానికి ఆయన చేత్తో రాసిన ఉత్తరం. పెట్రోలు బంకుల్లో ఉచితంగా పంచిన చిన్న పుస్తకం ఒకటి. అందులో హాకీ ఆటకు ఆయన కూర్చిన ఫ్రెంచ్ మాటల పట్టిక ఉంటుంది.

నేను పనిచేసే హాస్పిటల్‌లో కొత్తగా చేరిన ఒక తెలుగు నర్సు ఒకసారి అడిగింది. "ఐస్ హాకీ ఏంటాంటీ? అదీ ఫ్రెంచ్‌లో?"

నేను జవాబు చెప్పేలోపే మా ఆయన అందుకున్నారు. "మేమిద్దరమే అనుకుంటున్నవా ఈ ఇంట్ల? ఆయన గూడ ఉంటడు. ముప్పూటల ఆయన ముచ్చటే."

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ బీరువాలో అసలు విలువైనవి పై అరలో, బిస్కెట్ డబ్బాలో ఉన్న మూడు క్యాసెట్లు. వాటి గురించి ఎవరికీ చెప్పేదాన్ని కాదు.

పెళ్లయిన కొత్తలో మా ఆయన పాల సైన్సులో పీహెచ్‌డీ చేయడానికి మాంట్రియల్ వెళ్లారు, వెనకే నేను వెళ్లాను. నాది మైక్రోబయాలజీ డిగ్రీ. అక్కడి హాస్పిటల్ ల్యాబుల్లో ఉద్యోగం కావాలంటే ఫ్రెంచ్ రావాలి. సాయంత్రం క్లాసులో చేరాను. టీచరు మాట్లాడుతుంటే గోడకేసి చూస్తూ కూర్చునేదాన్ని. ఒక్క ముక్క ఎక్కేది కాదు. మేమున్నది ఒక భవనం అడుగు అంతస్తులో. కిటికీలోంచి చూస్తే మంచు మీద నడిచేవాళ్ల బూట్లు కనిపించేవి, మనుషులు కనిపించేవారు కాదు. మాకంటే ముందు అద్దెకున్నవాళ్లు ఒక రేడియో వదిలి వెళ్లారు. దాన్ని తిప్పుతుంటే ఒక సాయంత్రం ఆయన గొంతు దొరికింది.

ఆ దేశంలో ఐస్ హాకీని ఫ్రెంచ్‌లో రేడియోలో చెప్పిన మొదటితరం మనుషుల్లో ఆయన ఒకరని తర్వాత తెలిసింది. అంతకుముందు అక్కడివాళ్లు ఇంట్లో ఫ్రెంచ్ మాట్లాడినా ఆట దగ్గరికి వచ్చేసరికి అన్నీ ఇంగ్లీషు మాటలే వాడేవారట. ఆయన ఒక్కో దానికి ఒక్కో ఫ్రెంచ్ మాట తయారుచేసి, జనం అలవాటు పడేదాకా వదలకుండా వాడాడు. నేను వినేనాటికి ఆయన పెద్దవాడైపోయాడు, మానేసే రోజులు దగ్గరపడ్డాయి. అయినా ఒక్క మాట తడబడేవాడు కాదు. ఎవరు, ఎవరికి, ఎటు నుంచి ఎటు కొట్టారో చెబుతూనే ఉండేవాడు. అవే మాటలు, అవే క్రియలు మళ్లీ మళ్లీ వచ్చేవి. నాలాంటి దానికి అంతకంటే మంచి పంతులు దొరకడు. మా ఆయన లెక్చర్ల కోసం కొన్న టేప్ రికార్డర్‌ను రేడియో ముందు పెట్టి రికార్డు చేసుకుని, మరునాడు డిక్షనరీ పట్టుకుని కూర్చునేదాన్ని. అలా రెండు క్యాసెట్లు నిండాయి.

మూడో క్యాసెట్ అమ్మ వచ్చాక చేసింది. నాకు నెలలు నిండుతున్నాయని అమ్మ కరీంనగర్ నుంచి వచ్చి ఆరు నెలలు మాతో ఉంది. ఆ చలి, ఆ బూట్ల కిటికీ చూసి మొదటి వారం దుప్పట్లోంచి బయటికి రాలేదు. తర్వాత తనూ రేడియో దగ్గర చేరింది. ఫ్రెంచ్ ఒక్క అక్షరం రాదు, ఆట ఎప్పుడూ చూడలేదు. అయినా ఆయన గొంతు పైకి లేస్తుంటే చాలు, చేతిలో పని ఆపేసేది.

"ఇగ పడ్తది సూడు," అనేది. చాలాసార్లు గోల్ పడేది.

వాళ్లు కొట్టే నల్లటి రబ్బరు ముక్కను అమ్మ బిళ్ళ అనేది. గోల్ కాచే ఆటగాణ్ని గడప కాడోడు అనేది. "బిళ్ళ గడప కాడికి వొయ్యిందా?" అని అడుగుతుంటే నాకు నవ్వాగేది కాదు.

ఆ రోజు ఆట సగంలో ఉండగా స్టేడియంలో కరెంటు పోయింది. ఆయన ముందున్న మైకు మాత్రం ఏదో వేరే లైను మీద పనిచేస్తూనే ఉంది. వేరేవాళ్లయితే స్టూడియోకి అప్పగించి పాటలు పెట్టించేవారు. ఆయన ఆపలేదు. దాదాపు ఇరవై నిమిషాలు చీకట్లో కూర్చుని మాట్లాడాడు. మొదట చుట్టూ వినబడేవి, కనబడేవి చెప్పాడు: ఆటగాళ్లు చీకట్లో నెమ్మదిగా గోడవైపు జరుగుతున్న చప్పుడు, జనం వెలిగిస్తున్న అగ్గిపుల్లలు. తర్వాత ఆయన తన మొదటి ఆట గురించి, మాట దొరక్క నోరు ఎండిపోయిన రోజు గురించి చెప్పాడు. నేను టేప్ రికార్డర్ పక్కనే కూర్చున్నాను. అమ్మ కింద కూర్చుని నా పాదాలకు నూనె రాస్తోంది.

"ఏమైందే? ఆట ఆగిందా?"

"కరెంట్ పోయిందంటమ్మా అక్కడ."

"మరి ఈయన చీకట్ల గూడ మాట్లాడుతనే ఉన్నడు గద. పాపం, మంచినీళ్లన్న ఇచ్చిండ్రో లేదో."

"అమ్మా, జర సేపు మాట్లాడకు. రికార్డ్ అయితుంది."

అమ్మ ఆగలేదు. చీకటి అనగానే ఆమెకు తన చిన్నప్పటి ఇల్లు గుర్తొచ్చింది. గొంతు తగ్గించి తన పాటికి తను చెప్పుకుంటూ పోయింది. అటు ఆయన, ఇటు ఆమె, ఇద్దరూ ఒకేసారి. లైట్లు వచ్చాక స్టేడియంలో జనం అరిచిన అరుపు దగ్గర క్యాసెట్ అయిపోతుంది.

మా అమ్మాయికి నాలుగో నెల వచ్చాక అమ్మ వెళ్లిపోయింది. ఆ మరుసటి ఏడు జ్వరంతో పోయింది. నేను వెళ్లలేకపోయాను. అమ్మ గొంతు నా దగ్గర మిగిలింది ఆ క్యాసెట్‌లో మాత్రమే.

తర్వాత మా ఆయనకు న్యూజిలాండ్‌లో పాల పరిశోధనలో ఉద్యోగం వచ్చింది. పామర్‌స్టన్ నార్త్ హాస్పిటల్ ల్యాబులో నేను చేరాను. ఫ్రెంచ్‌తో ఇక్కడ ఎవరికీ పని లేదు. అమ్మాయి కూడా రెండేళ్లలో ఆ భాష మరిచిపోయి ఇంగ్లీషుకు మారిపోయింది. రెండు వేల సంవత్సరం దాటాక ఇంట్లోకి ఇంటర్నెట్ వచ్చాక, ఒక ఆదివారం ఊరికే ఆయన పేరు కొట్టి చూశాను. ఆయన పోయి కొంతకాలమైందని ఉంది. ఆ రోజంతా ఏ పనీ తోచలేదు. ఆ తర్వాతే వేలంపాట సైట్లలో ఆయన వస్తువులు వెతకడం మొదలుపెట్టాను. వారానికొకసారి మా పోస్ట్‌మన్ కెనడా స్టాంపుల కవర్లు తెచ్చేవాడు.

అలా ఒక ఫొటో దగ్గర నాకు పోటీ వచ్చింది. ఆయన సంతకం ఉన్న ఫొటో అది. నేను ఎంత పెంచినా ఎవరో ఇంకాస్త పెంచుతున్నారు. చివరికి నాకే దక్కింది. మరునాడు ఓడినతని నుంచి ఫ్రెంచ్‌లో సందేశం వచ్చింది. "అమ్మిన అతను చెప్పాడు, మీరూ న్యూజిలాండ్‌లోనే ఉన్నారట. ఈ దేశంలో ఈయన కోసం వెతికే పిచ్చివాణ్ని నేనొక్కణ్నే అనుకున్నాను."

అతను హామిల్టన్‌లో ఉంటాడు. పుట్టింది మాంట్రియల్‌లో. ఒక న్యూజిలాండ్ అమ్మాయిని పెళ్లి చేసుకుని ఇక్కడికి వచ్చి, స్కూల్లో ఫ్రెంచ్ చెప్పి రిటైరయ్యాడు. మూడు నెలలు ఉత్తరాలు నడిచాక, ఇద్దరికీ మధ్యలో ఉంటుందని టౌపోలో చెరువు ఒడ్డున ఒక కేఫ్‌లో కలుసుకున్నాం. నాతో మా ఆయన వచ్చారు, అతనితో అతని భార్య వచ్చింది. మా ఇద్దరి మాటలు వాళ్లిద్దరికీ అర్థం కావు కనుక వాళ్లు ఆవుల గురించి, వాన గురించి మాట్లాడుకున్నారు. పదిహేనేళ్ల తర్వాత నేను గడగడా ఫ్రెంచ్ మాట్లాడాను. మాట ఆగిన చోట అతను అందించేవాడు. నా యాస విని, "మదాం, మీరు మాట్లాడుతుంటే అచ్చం ఆయన మాట్లాడినట్టే ఉంది" అన్నాడు. ఆ మాటకు నేనెంత పొంగిపోయానో చెప్పలేను.

నాలుగేళ్లు అలా సాగింది. ఒకసారి మంచు పడి దారిలో డెజర్ట్ రోడ్ అనే కొండదారి మూసేస్తే చుట్టూ తిరిగి మా ఇంటికి వచ్చాడు. నేను చేసిన పులిహోర తిని, బీరువా ముందు స్టూలు వేసుకుని ఒక్కొక్కటీ చేత్తో తీసుకుని చూశాడు. అంత శ్రద్ధగా వాటిని చూసినవాళ్లు లేరు. చూస్తూ చూస్తూ అన్నాడు. "అన్నీ దొరుకుతాయి. కరెంటు పోయిన ఆట ఒక్కటే దొరకదు. రేడియో వాళ్లు ఆ టేపు మీద వేరేది రికార్డు చేసేశారు. విన్నవాళ్లు చెప్పుకోవడమే మిగిలింది."

నేను లేచి బిస్కెట్ డబ్బా దించాను.

అతను ఆ క్యాసెట్ విన్నంతసేపు కదల్లేదు. అయిపోయాక కళ్లు తుడుచుకున్నాడు. వెనక మాట్లాడుతున్నదెవరని అడిగాడు. మా అమ్మ అన్నాను. నూనె సంగతి, మంచినీళ్ల సంగతి, మాట్లాడొద్దని నేను కసిరిన సంగతి అన్నీ చెప్పాను. నవ్వాడు. తర్వాత టేపు పాతబడిందని, ఇంకో రెండుసార్లు తిప్పితే తెగేలా ఉందని, తన దగ్గర కంప్యూటర్‌లోకి ఎక్కించే సరంజామా ఉందని చెప్పాడు. రెండు వారాల్లో మూడూ తెచ్చిస్తానన్నాడు.

అతను వెళ్లడానికి ముందు వంటింట్లో మా ఆయన మెల్లగా అన్నారు. "ఆ ఒక్కటి ఇయ్యకు. మనమే ఏడనన్న కాపీ చేపిద్దం."

"ఆ మనిషి గురించి నీకు తెల్వదు," అన్నాను. "నాకంటే పదిలంగా చూస్కుంటడు."

బిస్కెట్ డబ్బాతో సహా ఇచ్చేశాను.

రెండు వారాలు రెండు నెలలయ్యాయి. ఫోన్ చేస్తే పని నడుస్తోందన్నాడు. తర్వాత తమ్ముణ్ని చూడటానికి మాంట్రియల్ వెళ్లొస్తానన్నాడు. అక్కడి నుంచి ఒక కార్డు కూడా పంపాడు. తిరిగొచ్చాక రెండు క్యాసెట్లు పోస్టులో వచ్చాయి, అమ్మ రాకముందు రికార్డు చేసినవి. మూడోది ఇంకా కాలేదని చీటీ రాశాడు. నేను నమ్మాను. నమ్మడానికి నాకు ఏ కష్టమూ అనిపించలేదు.

ఆక్లాండ్‌లో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి ఒక సాయంత్రం ఫోన్ చేసింది.

"మమ్మీ, నీ హామిల్టన్ హాకీ అంకుల్ మాంట్రియల్ వెబ్‌సైట్‌లో ఉన్నాడు. బట్ దిస్ ఈజ్ యువర్ టేప్, రైట్?"

లింకు పంపింది. మాంట్రియల్‌లో పాత రేడియో కార్యక్రమాలు భద్రపరిచే ఒక సంస్థ పేజీ అది. ఏదో సన్మానంలో అతను నిలబడి ఉన్న ఫొటో. పోయిందనుకున్న ఆట దొరికిందని, అప్పట్లో మాంట్రియల్‌లో ఉపాధ్యాయుడిగా ఉన్న అతను దాన్ని తన ఇంట్లో రికార్డు చేసి ఇన్నేళ్లు దాచి, ప్రపంచం ఆ చివర నుంచి తీసుకొచ్చి ఇచ్చాడని రాశారు. కింద వినడానికి బటన్.

నొక్కాను. అదే గొంతు, ఎప్పుడూ లేనంత శుభ్రంగా. నేను అమ్మ కోసం చూస్తున్నాను. "ఏమైందే" అనే చోటు వచ్చింది. అమ్మ లేదు. మంచినీళ్ల చోటు వచ్చింది, లేదు. ముందు సంతోషంగా కూడా అనిపించింది, అంత బాగా ఎలా తీశాడా అని. మూడోసారి విన్నప్పుడు గానీ అసలు సంగతి బోధపడలేదు. ఇరవై నిమిషాలది పద్నాలుగు నిమిషాలే ఉంది. అమ్మ మాట్లాడిన చోటల్లా ఆమెతో పాటు ఆయన వాక్యాలు కూడా కోసేశాడు. నోరెండిపోయిన రోజు కథ మొదలవుతుంది, ఎటూ తేలకుండా లైట్లు వచ్చినప్పటి అరుపు దగ్గరికి దూకుతుంది. ఆ కథంతా నాకు కంఠతా వచ్చు. ప్రాణం పెట్టి అభిమానించే మనిషి మాటల్ని అతను తన చేత్తో ముక్కలు చేశాడు. వెనక తెలుగు వినబడితే అది తన ఇంట్లో రికార్డు చేసిందని చెప్పడం కుదరదు కదా.

మా ఆయన పక్కన కూర్చుని అంతా విన్నారు. ముందే చెప్పానని ఒక్క మాటా అనలేదు. "పోదాం పా, హామిల్టన్," అన్నారు. ఐదు గంటల దారీ ఆయనే నడిపారు.

తలుపు అతని భార్య తీసింది. మమ్మల్ని చూసి సంతోషంగా కెటిల్ పెట్టింది. ఆమెకు ఏమీ తెలియదని చూస్తూనే అర్థమైంది. అతను మాత్రం కుర్చీలోంచి లేవలేదు.

"మీరు వస్తారని అనుకుంటూనే ఉన్నాను, మదాం."

"నా క్యాసెట్ ఇవ్వండి."

"తెగిపోయింది. కంప్యూటర్‌లోకి ఎక్కిస్తుంటే మెషీన్‌లో చుట్టుకుపోయింది."

"ముక్కలు ఇవ్వండి."

"పారేశాను."

"మొదట ఎక్కించింది? కోయకముందుది?"

అతను కిటికీ వైపు చూశాడు. "అది ఉంచుకోలేదు."

నిజమో అబద్ధమో నాకు ఈ రోజుకీ తెలియదు. మీరే రికార్డు చేసినట్టు ఎందుకు చెప్పారని అడిగాను.

"ఆ సాయంత్రం నేను మాంట్రియల్‌లోనే ఉన్నాను," అన్నాడు. "స్కూల్లో మీటింగు. ఊరంతా విన్న ఆట నేను వినలేదు. మరునాడు అందరూ దాని గురించే మాట్లాడుకుంటుంటే విన్నట్టు నటించాను. ఇరవై ఏళ్లుగా నటిస్తూనే ఉన్నాను. మీకు అది భాష నేర్చుకోవడానికి పనికొచ్చింది. నాకు అది నా ఊరు. మీకు అర్థం కాదు."

"మా అమ్మను ఎందుకు తీసేశారు?"

"వెనక ఆ గొణుగుడు ఉంటే ఎవరు వింటారు, మదాం? మీరే చెప్పారుగా, ఆమెను మాట్లాడొద్దన్నానని."

"నేను మా అమ్మను అన్నాను," అన్నాను. "మీరు అనడానికి లేదు."

ఇంకా చాలా అనాలనుకుని బయల్దేరాను. ఫ్రెంచ్‌లో తిట్లు నాకు రావు. రేడియోలో ఆయన ఎప్పుడూ తిట్టలేదు కాబట్టి నేను నేర్చుకోలేదు. లేచి వచ్చేశాం. వెనక అతని భార్య టీ కప్పులు పట్టుకుని, ఏమైంది ఏమైందని అడుగుతోంది.

ఇంటికి వచ్చాక మాంట్రియల్ సంస్థకు ఉత్తరం రాశాను. క్యాసెట్ ఎలా చేశానో, ఎవరెవరు గదిలో ఉన్నారో రాశాను. నా మాట నమ్మడానికి ఆధారంగా, వాళ్ల దగ్గరున్న దాంట్లో ఎక్కడెక్కడ కోతలు ఉన్నాయో చూపించి, ఆ ఖాళీల్లో ఆయన అన్న మాటలు పూర్తిగా రాశాను. ఆరు నిమిషాల మాటలు. ఒక్క పదం కోసం కూడా తడుముకోలేదు. ఆయన ఎక్కడ ఊపిరి తీసుకున్నాడో కూడా నాకు తెలుసు.

తర్వాత, అదే చోట్ల మా అమ్మ ఏమంటోందో రాయబోయాను. మంచినీళ్ల మాట రాశాను. ఏమైందే అన్న మాట రాశాను. ఆ తర్వాత చీకటి గురించి, తన చిన్నప్పటి ఇంటి గురించి అమ్మ అంతసేపు చెప్పింది కదా, అది రాద్దామని కలం పట్టుకుంటే ఏమీ రాలేదు. కందిలి అన్న మాట ఉంది, లాంతరును అలా అనేది. ఎవరో మేనత్త పేరు ఉంది. మేకపిల్ల సంగతి ఏదో ఉంది, తప్పిపోయిందో దొరికిందో. అంతే. కొన్ని వందలసార్లు విన్నాను ఆ క్యాసెట్. వినడమంతా ఆయనను విన్నాను. అమ్మ మాటలు ఎప్పుడంటే అప్పుడు వినొచ్చనుకున్నాను. అవి ఎలాగూ నా భాషే కదా.

మా ఆయన్ని అడిగాను. ఆయన ఆ సాయంత్రం లైబ్రరీలో ఉన్నారు. ఇండియాలో తమ్ముడికి ఫోన్ చేసి అడిగాను, అమ్మ చిన్నప్పటి మేకపిల్ల కథ తెలుసా అని. "మేకపిల్లనా? ఏమో అక్కా, నాకెన్నడు చెప్పలే," అన్నాడు.

నెల తర్వాత సంస్థ నుంచి జవాబు వచ్చింది, ఎంతో మర్యాదగా. తమకు అందింది సీడీ మాత్రమేనని, అసలు క్యాసెట్ లేకుండా ఎవరి మాట నిజమో తాము తేల్చలేమని, నేను రాసిన వాక్యాలను మాత్రం ఫైల్లో కలిపామని రాశారు. ఆ పేజీలో అతని పేరు కింద చిన్న అక్షరాలతో ఒక వాక్యం చేరింది: ఈ రికార్డింగ్ ఎవరిదన్న విషయంలో భేదాభిప్రాయం ఉంది.

అమ్మాయి సెలవులకు వచ్చి హెడ్‌ఫోన్లు పెట్టుకుని రెండు రోజులు ఆ పద్నాలుగు నిమిషాలే విన్నది. ఒకచోట ఆపి నన్ను పిలిచింది. "మమ్మీ, ఇక్కడ సమ్‌థింగ్ ఉంది. వింటావా?" రెండు కోతల మధ్య గిన్నె కింద పెట్టినట్టు చిన్న చప్పుడు. నూనె గిన్నె కావచ్చు. స్టేడియంలో ఎవరిదో బూటు కావచ్చు. అమ్మాయి నా ముఖం చూస్తోంది. నూనె గిన్నే అన్నాను.

బీరువా ఖాళీ చేయలేదు. కొనడం మాత్రం మానేశాను. ఎవరైనా వచ్చి దాని ముందు నిలబడితే, పాత ఇంట్లోవి అని చెప్పి భోజనానికి కూర్చోబెట్టేదాన్ని. ఫ్రెంచ్ మళ్లీ మెల్లగా జారిపోయింది.

ఆ ఏడాది క్రిస్మస్ వారంలో హామిల్టన్ నుంచి ఒక కార్డు వచ్చింది. అతని చేతిరాతే. ఈ సీజన్ మన జట్టు ఆట ఏమీ బాగా లేదని, కొత్త కామెంటేటర్ మరీ వేగంగా మాట్లాడుతున్నాడని, మీ ఆయన్ని అడిగానని చెప్పమని రాశాడు. వేరే ఏ మాటా లేదు. రెండుసార్లు చదివి పాత పేపర్ల డబ్బాలో వేశాను. మరుసటి ఏడాది కూడా వచ్చింది. ఆ కవరు విప్పలేదు.